ముఠా ఊ అనలేదు

సంపూర్ణమ్మ మొహం ముందు ఫోన్ పెట్టి, కొడుకును వదులుకుంటున్నానని చెప్పమన్నాడు త్రిమూర్తులు. రావులపాలెంలో, అతని ఏజెన్సీ ఆఫీసులో, మా నాట్ల ముఠా ఆడవాళ్ల కళ్లముందే. నాట్ల దగ్గర్నుంచి అటే వెళ్లామేమో, మా కాళ్లకింకా బురద ఆరలేదు.

ఆమె కొడుకు విజయ్ పాల్‌ను గోడౌన్లో పనికని విదేశానికి పంపింది ఈ పెద్దమనిషే. అక్కడ దిగగానే పాస్‌పోర్టు లాక్కుని, చేతికి తుపాకీ ఇచ్చి యుద్ధానికి తోలారు. తల్లి కలెక్టరు గారికి అర్జీ పెట్టుకుంది. కుర్రాణ్ణి పంపమని మన ప్రభుత్వం అడిగింది. వాడు ఇండియా పౌరసత్వం వదులుకుని ఆ దేశం వాడైపోతే ఇక అడిగేవాళ్లుండరు. తల్లి ఇష్టమేనని వీడియోలో చెబితే వంటపనికి మారుస్తారట, లేకపోతే ముందు వరసేనట.

ఆ మాట విజయ్ పాల్ చేతే ఫోన్లో చెప్పించారు. "ఒప్పుకోమ్మా," అన్నాడు. వాడి పక్కన ఇంకెవడో దగ్గుతున్నాడు.

మాలో మాకే గొడవైంది. బిడ్డ బతికుంటే చాలు, చెప్పేయమన్నారు కొందరు. నాకూ అదే అనిపించింది. అప్పుడు మాలోంచే క్రిస్టినా లేచింది. పోయినేడు ఇదే ఆఫీసులో కూర్చుని తన కొడుకు విషయంలో సరేనన్న తల్లి ఆమె.

"మావాడికీ వంటపనే అన్నారండి. చచ్చిపోయాడని తెలిసి ఆఫీసులకెళ్తే, మీవాడు మన దేశస్థుడు కాదమ్మా అన్నారు. శవాన్ని కూడా అడగనివ్వలేదు."

త్రిమూర్తులు విసుక్కున్నాడు. తల్లి మాట చాలు, మిగతావాళ్లు బయటికి నడవండన్నాడు. మా ముఠా సంగతి ఆయనకేం తెలుసు? ఎకరం గుత్తకు ఒప్పుకోవాలన్నా మాలో ప్రతి మనిషీ ఊ అనాలి. ఒక్కతి కాదంటే ఎవరం చేలోకి దిగం.

సంపూర్ణమ్మ పని కుదిరేటప్పుడు అడిగినట్టే మా వైపు తిరిగి అడిగింది.

"ఏమంటారే?"

ఎవరం ఊ అనలేదు. ముందు చెప్పేయమన్నవాళ్లు కూడా.

ఆమె ఫోన్ వైపు తిరిగింది. "వాడు మావాడండి. మీకివ్వం. పంపించేయండి," అంది. తర్వాత భోరున ఏడ్చింది.

త్రిమూర్తులు పోలీసుల్ని పిలిచాడు. దౌర్జన్యం కేసు పెట్టి సంపూర్ణమ్మను జీపెక్కించారు. మేం వెనకాలే నడిచి స్టేషన్ ముందు కూర్చున్నాం. కబురు పాకి, చుట్టుపక్కల ముఠాలన్నీ నాట్లు ఆపేశాయి. విజయ్ పాల్ నుంచి మాత్రం మళ్లీ ఫోన్ రాలేదు.

మర్నాడు రైతులొచ్చారు. నారు ముదిరిపోతోంది, దిగండమ్మా అని బతిమాలారు. ముఠాలో ఒక మనిషి లోపలుందండి, ఆవిణ్ణడగండి అంది క్రిస్టినా.

పదేసి ఎకరాల ఆసాములు లాకప్ దగ్గర నిలబడి సంపూర్ణమ్మను ఊ అనమని అడిగారు.

"ఇక్కడ త్రిమూర్తుల్ని కూర్చోబెట్టి, అప్పుడు రండి," అందామె.

ఊ అనలేదు.