మా చెల్లి కోసం ప్రార్థన

మా చర్చి సంఘ పత్రికకి వేసవి కబుర్లు రాసిమ్మని నన్ను అడిగారు. అర పేజీ చాలన్నారు. చదివితే సంతోషం కలగాలట, ఫొటోకి చోటు వదలాలట. పాస్టరుగారు సెలవు మీద వెళ్ళారు, గాయకబృందానికి విశ్రాంతి ఇచ్చాం, చర్చి తలుపులకి కొత్త రంగు వేయించాం, పిల్లల వేసవి బడి దేవుని కృపవల్ల దిగ్విజయంగా ముగిసింది. ఇలా రాయాలన్నమాట. ఆ చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ అర పేజీ వాళ్ళనే రాసుకోమని, జరిగింది జరిగినట్టు ఇక్కడ చెబుతున్నాను.

మాది చిన్న ప్రెస్బిటేరియన్ సంఘం. ఆదివారం బెంచీలు సగం నిండితే జనం బాగా వచ్చారని చెప్పుకుంటాం. మా దగ్గర పాస్టర్లు వస్తారు, పోతారు; పెద్దలు మాత్రం ఉంటారు. కిటికీ తెర మార్చాలన్నా ఆ మాట పెద్దల సభలో పెట్టాల్సిందే. ఆ పెద్దల్లో పెద్ద పళ్ళ డాక్టరుగారు. మహా మెత్తటి మనిషి. పన్ను పీకేముందు కూడా క్షమించమని అడుగుతారు. ఆయన భార్యని ఎదురుగా ఆంటీ అంటాం, వెనకాల మైకమ్మ అంటాం. ఆవిడకి మైకు అవసరం లేదు.

నేను వారమంతా కళ్ళద్దాల షాపులో ఫ్రేములు బిగిస్తాను, ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయిస్తాను. వాయించేటప్పుడు నా వీపు జనం వైపు ఉంటుంది. ఆర్గన్ మీద చిన్న అద్దం బిగించి ఉంది కాబట్టి వెనక జరిగేదంతా నాకు కనిపిస్తూనే ఉంటుంది. ఎవరు కునుకు తీస్తున్నారో, ఎవరు ఎవరి చెవి కొరుకుతున్నారో నాకు తెలిసినంతగా పాస్టరుగారికి కూడా తెలియదు.

మా ఆరాధన మధ్యలో 'సంతోషాలు, భారాలు' అని ఒక వేళ ఉంటుంది. ఎవరైనా లేచి, ఫలానావాళ్ళ కోసం ప్రార్థించండి అని అడగొచ్చు. అందరూ 'ప్రభువా, ఆలకించు' అంటారు. ఆ సమయంలో నేను మెల్లగా ఒక రాగం వాయిస్తూ ఉండాలి, మాటలు మరింత పవిత్రంగా వినబడటానికి. పాస్టరుగారు ఉన్నప్పుడు ఒక కట్టుబాటు ఉండేది: ఎవరి గురించి చెప్పదలిచారో వాళ్ళని ముందుగా అడిగి చెప్పాలి. ఆయన సెలవుకి వెళుతూ ఆ కట్టుబాటుని కూడా తన పెట్టెలో సర్దుకుని వెళ్ళినట్టున్నారు.

ఇక మా చెల్లి. రంగుల దుకాణంలో పనిచేస్తుంది. గోడ ముక్క తెచ్చి చూపిస్తే చాలు, అచ్చం అదే రంగు కలిపి ఇస్తుంది. ఎండలు ముదరకముందు దానికి మనసు బాగోలేదు. తిండి మానేసింది, నిద్ర దూరమైంది, చివరికి తన ప్రాణం మీదే తనకి విరక్తి కలిగింది. ఆసుపత్రిలో చేర్చాం. నెమ్మదిగా కోలుకుంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ దానితో, "పొద్దున్నే లేవడానికి నీకంటూ ఒక పని ఉండాలమ్మా, అది ఏంటో నువ్వే చెప్పు" అంది. మా చెల్లి ఆలోచించకుండా చెప్పింది: "పిల్లల వేసవి బడి."

ఏటా ఆ బడి నడిపేది అదే. చర్చి హాల్లో బల్లలు వాల్చి, పాత కాగితాలు పరిచి, పిల్లల చేత బొమ్మలు వేయిస్తుంది, కథలు చెబుతుంది, చేతులు తిప్పుతూ పాడే పాటలు నేర్పుతుంది. అందులో నావ పాట అని ఒకటి తనే కట్టింది. చేతులతో నావ, చేతులతో అలలు, చేతులతో తుఫాను. తుఫాను ఆగే చోట పిల్లలందరూ ఒక్కసారిగా శిలల్లా నిలబడిపోవాలి. ఎవరూ కదలకూడదు, కిక్కురుమనకూడదు. మా చెల్లి చిటికెన వేలు ఎత్తాక మాత్రమే నావ మళ్ళీ కదులుతుంది. ఆ వేలు ఎప్పుడు లేస్తుందా అని పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తుంటే ముచ్చటేసేది.

ఈ ఏడు బడి మొదలైన వారంలో ఒక సాయంత్రం, హాలు వెనక వంటగదిలో చెల్లి, మైకమ్మ కలిసి రంగు గిన్నెలు కడుగుతున్నారు. మధ్యలో ఇన్నాళ్ళు చర్చికి రాలేదేమని ఆవిడ ప్రేమగా అడిగింది. ఆవిడ ప్రేమగా అడిగితే రాయి కూడా నోరు విప్పుతుంది. చెల్లి అంతా చెప్పేసింది. "మీకొక్కరికే చెబుతున్నాను ఆంటీ" అని కూడా అంది. ఇంటికొచ్చి నాతో, "చెప్పుకుంటే తేలిగ్గా ఉందక్కా" అంది. నేను కూడా సంతోషించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఆ ఆదివారం భారాల వేళ మైకమ్మ లేచి నిలబడింది. నేను అలవాటుగా మెల్లటి రాగం అందుకున్నాను.

"మన ఆర్గన్ అమ్మాయి చెల్లెలు, అదే, రంగుల షాపులో చేస్తుందే, మన పిల్లల బడి చూసుకుంటుందే, ఆ పిల్ల కోసం భారంగా ప్రార్థన చెయ్యండి. పాపం, మనసు బాగోక ఆసుపత్రిలో ఉండొచ్చింది. బతకాలని లేదని కూడా అందట. ఇంకా మందులు మింగుతూనే ఉంది. మన చిన్న బిడ్డలు రోజంతా ఆమె చేతుల్లోనే ఉంటున్నారు కదా, ప్రభువు ఆమెకి స్థిరమైన మనసు ఇవ్వాలని..."

దేవుడికి అడ్రసు దొరకదేమోనని షాపుతో సహా చెప్పింది. అందరూ 'ప్రభువా, ఆలకించు' అన్నారు. ప్రభువు సంగతేమో గాని, బెంచీలన్నీ చెవులు రిక్కించి ఆలకించాయి. అద్దంలో చూశాను. చెల్లి మూడో బెంచీలో ఒళ్ళో రంగు పెన్సిళ్ళ డబ్బా పెట్టుకుని కూర్చుంది. దాని పక్కన కూర్చున్నావిడ కొంచెం జరిగింది. కొంచెమే. ఆ మాటలన్నిటికీ కింద సన్నగా, తియ్యగా రాగం వినిపిస్తూనే ఉంది. వాయిస్తున్నది నేనే. మా చెల్లి పరువు వీధిన పడుతుంటే దానికి నా చేతులే సంగీతం పెట్టాయి. ఆ కోపం ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

సోమవారం పొద్దున ఫోన్లు మొదలయ్యాయి. మా బాబుకి జలుబు. మా పాపకి జలుబు. మా ఇద్దరికీ జలుబేనమ్మా, ఏమీ అనుకోకు. అంత ఎండలో ఇంతమందికి ఒకేసారి జలుబు చేసిన ఊరు మాదొక్కటే అయ్యుంటుంది. హాల్లో బల్లల ముందు ఇద్దరే పిల్లలు మిగిలారు. ముందు పళ్ళు ఊడిన ఒక బుడ్డది, దాని తమ్ముడు. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నేల తుడుస్తుంది. "మందులు మింగేవాళ్ళని నేను రోజూ చూస్తానమ్మా. మింగనివాళ్ళతోనే భయం" అంది ఆవిడ. చెల్లి ఆ ఇద్దరికే బల్లలన్నీ పరిచి బడి నడిపింది.

రెండు రోజులకి పళ్ళ డాక్టరుగారు, మైకమ్మ పళ్ళ బుట్ట పట్టుకుని మా ఇంటికి వచ్చారు. చెల్లి లోపల గదిలో ఉంది.

"పెద్దల సభలో మాట్లాడుకున్నామమ్మా" అన్నారాయన కుర్చీ అంచున కూర్చుని. "తనకి విశ్రాంతి అవసరం. ఈ ఏడాదికి బడి మా ఆవిడ చూసుకుంటుంది."

"విశ్రాంతి కావాలని తను అడిగిందా డాక్టరుగారూ?"

"అడగలేదనుకో. మన మంచితనం కొద్దీ మనమే..."

"మీ మంచితనం చల్లగుండ! పుండు చేసిందీ మీరే, కట్టు కడతామని వచ్చిందీ మీరేనా?"

మైకమ్మ కళ్ళు తుడుచుకుంది. "నేనేం తప్పు చేశానమ్మా? ప్రార్థన చెయ్యమనే కదా అడిగాను. ప్రార్థనకి కూడా కోపమేనా?"

అదీ ఆవిడ నేర్పు. తిట్టిందంటే తిరిగి తిట్టొచ్చు. కొట్టిందంటే కేసు పెట్టొచ్చు. ప్రార్థన చేసిన మనిషిని ఏం చేస్తాం? నోటికొచ్చింది అనబోయాను. ఆ అద్దంలో ఇన్నేళ్ళు చూసిన సంగతులు నా దగ్గర బోలెడున్నాయి. ఆ ఇంటి గుట్టు కూడా ఉంది. వచ్చే ఆదివారం నేనూ లేచి, డాక్టరుగారి కుటుంబం కోసం భారంగా ప్రార్థించండి అంటే సరిపోయేది. వాళ్ళు వెళ్ళాక ఆ మాటే చెల్లితో అన్నాను.

"నువ్వు గాని నోరెత్తావా, నేనిక ఆ గడప తొక్కను" అంది చెల్లి. "నాకు జరిగింది ఇంకొకరికి జరగడానికి వీల్లేదు."

"అయితే ఆర్గన్ మానేస్తాను. ఎవడు వాయిస్తాడో చూస్తా."

"మానకు. చివరి ఆదివారం పిల్లలు నావ పాట పాడాలి. నువ్వు లేకపోతే వాళ్ళకి ఎత్తుగడ అందదు." అని, బుట్టలోంచి ఒక పండు తీసి, మళ్ళీ బుట్టలోనే పెట్టేసింది. "పొద్దున్నే మెలకువ వచ్చేస్తోందక్కా. లేచి ఏం చెయ్యాలో తెలియడం లేదు."

దుకాణంలో సెలవు పెట్టి మరీ బడి కోసం కూర్చున్న మనిషి అది. ఆ రోజునుంచి పొద్దున్నే దానికంటే ముందు లేచి, గది తలుపు తీసి చూసి వచ్చేదాన్ని.

మైకమ్మ చేతికి బడి వెళ్ళగానే పిల్లలందరికీ జలుబు తగ్గిపోయింది. ఏం మహిమో!

చివరి ఆదివారం వచ్చింది. మర్నాడు పిల్లల పిక్నిక్, దాంతో ఈ ఏడు బడి సరి. పిల్లల తల్లిదండ్రులంతా వచ్చారు, బెంచీలు నిండాయి. చెల్లి నాతో పాటే వచ్చింది, కాని తలుపు పక్కన ఆఖరి బెంచీలో కూర్చుంది. పిల్లలు ముందు వరసగా నిలబడ్డారు. వాళ్ళ ఎదురుగా, జనానికి వీపు పెట్టి, మైకమ్మ. నేను ఎత్తుగడ వాయించాను. నావ కదిలింది, అలలు లేచాయి, తుఫాను వచ్చింది. తుఫాను ఆగింది. పిల్లలందరూ ఒక్కసారిగా బిగుసుకుని నిలబడిపోయారు. నేను కూడా ఆపేశాను, అక్కడ ఆపాలి కాబట్టి.

మైకమ్మకి ఆ సంగతి తెలియదు. ఆవిడ ఆ పాట ఎప్పుడూ చివరిదాకా నేర్చుకోలేదు, పిల్లలకి వచ్చు కదా అనుకుంది. వాళ్ళు మరిచిపోయారనుకుని ముందు గుసగుసగా, తర్వాత తన మామూలు గొంతుతో మాటలు అందించింది. పిల్లలు కదల్లేదు. ఆవిడ నా వైపు తిరిగి, అందరికీ వినబడేలా, "శ్రుతి మరీ పైకి పెట్టావమ్మా, పిల్లలకి అందట్లేదు. కొంచెం దించి వాయించు" అంది.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు! నేను చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ రోజు ఆగాల్సిన చేతులు ఈ రోజు ఆగాయి. చంపినా వాయించదలుచుకోలేదు.

ఎవరో దగ్గారు. డాక్టరుగారు లేవబోయి కూర్చున్నారు. అప్పుడు, పళ్ళు ఊడిన బుడ్డది మైకమ్మని దాటుకుని ఒక అడుగు పక్కకి వేసింది. బెంచీల మధ్య దారిలోంచి ఆఖరి బెంచీ వైపు చూసింది. దాని చూపు పట్టుకుని పక్కవాడు జరిగాడు, తర్వాత ఇంకొకరు. చూస్తుండగానే పిల్లలంతా వరస వదిలేసి దారి మొదట్లో గుంపుగా చేరి, మెడలు చాచి వెనక్కి చూస్తున్నారు. "ఇటు, ఇటు చూడండమ్మా" అని మైకమ్మ చప్పట్లు కొట్టింది. ఒక్కరూ చూడలేదు.

జనమంతా వెనక్కి తిరిగారు. ఎవరికి భయపడి తమ పిల్లల్ని దాచుకున్నారో, ఆ మనిషి వైపు పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. చెల్లి ముఖం ఎర్రబడింది. లేచి వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. లేచింది. లేచి, దారిలోకి వచ్చి నిలబడి, చిటికెన వేలు ఎత్తింది.

నావ కదిలింది. నేను వాయించాను. ఆ పిల్లలు పాడిన పాటకి కొత్త రంగు వేసిన తలుపులు అదిరాయి.

ఆరాధన అయ్యాక మైకమ్మ నలుగురిని వెంటబెట్టుకుని చెల్లి దగ్గరికి వచ్చింది. చెల్లి చేతులు రెండూ పట్టుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు. నిజం నీళ్ళే, అదే నాకు మరీ మంట.

"చూశారా!" అంది అందరికీ వినబడేలా. "మనం చేసిన ప్రార్థన ఫలించింది. పిల్ల ఎంత బాగా తేరుకుందో చూడండి!"

నా నోటిదాకా వచ్చింది. చెల్లి నా వైపు ఒక్క చూపు చూసింది, మింగేశాను. అది మెల్లగా తన చేతులు విడిపించుకుంది.

"ఆంటీ, మీరు నా కోసం ప్రార్థన చెయ్యలేదు" అంది. గొంతు పెంచలేదు, అయినా హాలు తలుపు దాకా వినబడింది. "నేను మీకొక్కరికే చెప్పిన మాట ఊరందరికీ చెప్పి, చివర్లో ఆమెన్ అన్నారు."

మైకమ్మ తన వెంట వచ్చిన నలుగురి వైపు తిరిగింది. వాళ్ళలో ఒకావిడ కళ్ళు నేలకి దించుకుంది. ఆ రోజు మూడో బెంచీలో పక్కకి జరిగింది ఆవిడే.

డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "జరిగిందేదో జరిగిందమ్మా. వచ్చే ఏడాది బడి మళ్ళీ నువ్వే చూసుకుందువుగాని. సభలో పెడతాను."

"వచ్చే ఏడాది దాకా ఎందుకండీ? రేపు పిల్లల పిక్నిక్ ఉంది కదా. నేనే తీసుకెళ్తాను."

"రేపా? అది... ముందు సభలో పెట్టాలి కదమ్మా."

"పెట్టండి డాక్టరుగారూ" అంది చెల్లి, పళ్ళు ఊడినదాని చెయ్యి అందుకుంటూ. "మేం పొద్దున్నే బయల్దేరిపోతాం."