బెత్తెడు గన్ను

మా శ్యాంసుందర్ పోయిన నాలుగో నెలలో మా కోడలు హారతి షెడ్డు తాళంచెవి అడిగింది. ఎందుకని నేను అడగలేదు. దేవుడి అల్మరా పక్కన మేకుకు వేలాడుతున్న తాళంచెవి తీసి ఇచ్చాను. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఎందుకని అడిగేవాళ్లం కాదు. తినమంటే తినేవాళ్లం, పడుకోమంటే పడుకునేవాళ్లం.

నేను సూరత్ వచ్చి ముప్పై ఒక్క ఏళ్లు సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేశాను. మా వాడు సాంచాల జోలికి రాలేదు. బండ్ల పని నేర్చుకుని, పాండేసర మిల్లుల బట్ట మోసే టెంపోలు తిరిగే దారిలో, ఉన్‌ పేటలోని మా ఇంటికి సైకిల్ మీద పది నిమిషాల దూరంలో రేకుల షెడ్డు వేసుకున్నాడు. పెళ్లయిన ఏడాది నుంచి హారతి కూడా అక్కడే ఉండేది. పానాలు అందించడంతో మొదలుపెట్టి బ్రేకు పట్టీలు మార్చడం దాకా నేర్చుకుంది. రెండువేల ఇరవై ఒకటి ఏప్రిల్లో ఇద్దరికీ ఒకే రోజు జ్వరం వచ్చింది. ఆసుపత్రి నుంచి ఆమె ఇంటికి వచ్చింది. వాడు రాలేదు.

షెడ్డు తెరిచామని తెలిసి మొదట వచ్చినవాడు దేవదాస్. కరీంనగర్ దిక్కు మనిషి, ఏడు టెంపోలు నడిపిస్తాడు. మాస్కు గడ్డం కిందికి లాక్కున్నాడు. తర్వాత హారతితో అన్నాడు.

"చెల్లె, ఉన్నమాట చెప్త. శ్యాం ఉన్నప్పుడు నా బండ్లన్నీ ఈడికే వచ్చినయి. గిప్పుడు కూడ తేవాలనే ఉన్నది. గని బండి దినమంత నిలబడితె నాకు నడువది. సోమవారం పొద్దుగాల తొమ్మిదింటికి ఒక బండి ఇడిసిపెడ్త. నాలుగు చక్రాలకు బ్రేకు పట్టీలు మార్చాలె. పన్నెండింటికి తీస్కపోత. అయితే ఏడు బండ్లు నీవే."

"కాకపోతే?"

"కాకపోతే నన్ను అనొద్దు."

"కాకపోతే షెడ్డే ఖాళీ చేస్త అన్నా. నేనే అనుకున్న ఆ మాట," అంది హారతి. ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. కూరలో ఉప్పు ఉందో లేదో చెప్పినట్టు చెప్పింది.

ఇబ్బందల్లా గన్నుతో వచ్చింది. చక్రాల నట్లు విప్పే గాలి గన్నును మా షెడ్డులో గన్ను అనే అంటాం. కంప్రెసర్ గాలితో తిరిగి, టకటకా కొట్టి, చేతితో ఐదారు నిమిషాలు పట్టే నట్టును రెండు క్షణాల్లో ఊడదీస్తుంది. శ్యాం గన్ను పెద్దది. వాడు పోయాక దాన్ని ఇంటికి తెచ్చి, దేవుడి ముందు దీపం పెట్టాక రోజూ తెల్లగుడ్డతో తుడిచేవాడిని. వాడున్నప్పుడు కూడా సాయంత్రాలు షెడ్డులో కూర్చుంటే తుడవడం నా పనే. హారతి దాన్ని షెడ్డుకు తెప్పించి, రెండు చేతులతో ఎత్తి ఒక చక్రం దాకా తీసుకుపోయింది. జ్వరం తర్వాత ఆమెకు బరువు ఎత్తితే మణికట్టు వణుకుతోంది. గన్ను ముక్కు నట్టు మీద నిలవలేదు. లోపలి బోల్టు దగ్గరికైతే దూరనే లేదు, అంత పొడుగు. పైగా ట్రిగ్గర్ నొక్కితే మూలిగినట్టు తిరిగింది.

"చిన్నది కావాలె మామా," అంది.

శనివారం ఇద్దరం పాండేసరలో పనిముట్ల దుకాణానికి పోయాం. గుమ్మంలో తాడు కట్టి, మనుషులను ఒక్కొక్కరినే లోపలికి పంపుతున్నారు. దుకాణదారు సగం గుజరాతీ, సగం హిందీ మాట్లాడే ముసలాయన. టీకా రెండు డోసులు అయ్యాయా అని అడిగాడు. నాకు ఒకటయింది, ఆమెకు కాలేదు అని చెప్పాను. అయినా ఇద్దరినీ రానిచ్చాడు.

నాకు డబ్బాల మీద అంకెలు కనిపించాయి. దేనిమీద పెద్ద అంకె ఉంటే అది బలమైనదని నా లెక్క. అన్నిటికంటే పెద్ద అంకె ఉన్న డబ్బా చూపించాను.

"కాకా, ఆ అంకె డబ్బా బలం," అన్నాడు దుకాణదారు. "మీ కంప్రెసర్ టాంకీ ఎంత?"

"యాభై లీటర్లు," అంది హారతి.

"అయితే ఇది రెండు నట్లు విప్పి, మీ గాలంతా తాగి, మూడో నట్టుకు నిద్రపోతుంది. కొనేవాళ్లంతా అంకె చూస్తారు. ఇది ఎంత గాలి తాగుతుందని ఎవరూ అడగరు."

కౌంటరు మీద మూడు చిన్న గన్నులు పెట్టాడు. హారతి మొదటిది తీసుకుని తల పైకి ఎత్తి పట్టుకుంది. బండి కింద పడుకుని పనిచేసేవాళ్లు పట్టుకునేది అట్లాగే. కళ్లు మూసుకుని అట్లాగే ఉండిపోయింది. వెనక వరుసలో ఎవరో దగ్గారు. దుకాణదారు తొందరపెట్టలేదు. చేయి వణకడం మొదలవగానే దించింది. రెండోది తేలికే కానీ వాడిన గాలి ముందు నుంచి ముఖం మీదికి కొడుతోందని పక్కన పెట్టింది. మూడోది ముక్కు నుంచి వెనక దాకా బెత్తెడు ఉంది. పిడి కింది నుంచి గాలి బయటికి పోతుంది. తిప్పే దిక్కు మార్చే మీట బొటనవేలికి అందుతుంది, రెండో చెయ్యి అక్కర్లేదు. దాన్ని ఎత్తి పట్టుకుని ఎంతసేపు ఉందంటే, ఆ మధ్యలో నేను మార్కండేయుడి పేరు ఇరవై ఒక్కసార్లు అనుకున్నాను. చెయ్యి వణకలేదు.

దుకాణదారు ఇనప పట్టులో బిగించిన తుప్పు బోల్టు చూపించాడు. ఆమె బోల్టు తలకు సరిపడే గోటీ గన్ను ముక్కుకు తగిలించి నొక్కింది. ముందు బోల్టు కదల్లేదు. నాకేమీ అనిపించలేదు, విచారం కూడా. ఆమె నొక్కు వదలకుండా అట్లాగే ఉంది. మూడో క్షణానికి బోల్టు తిరిగింది.

"ఇదే," అంది.

"బెన్‌కు పని తెలుసు," అన్నాడు ఆయన నాతో, హారతిని చూపిస్తూ. ఒక చిన్న నూనె సీసా డబ్బాలో పడేసి, "రోజూ రెండు చుక్కలు, గాలి గొట్టం తగిలించే చోట," అన్నాడు. డబ్బా నా చేతికి ఇచ్చాడు. నేను తల ఊపాను.

మరునాడు నూలు పున్నమి. మా పద్మశాలీలకు పెద్ద పండుగ. మార్కండేయుడి ఊరేగింపు, కొత్త జంధ్యం, పనిముట్లకు దారం. ఇంట్లో చావు జరిగిన ఏడాది పండుగ లేదు. నా భార్య స్వరాజ్యం పొయ్యి మీద మామూలు అన్నమే పెట్టింది. నేను కొత్త గన్నును దేవుడి ముందు పెట్టాను.

"పండుగ లేదంటిరి గద," అంది స్వరాజ్యం.

"పండుగ కాదు. ఒక్క దారం."

మా ఇంటి పద్ధతి ఒకటుంది. దారం కట్టే పనిముట్టు మీద నూనె జిడ్డు ఉండకూడదు. పున్నమి ముందు మా నాయన మగ్గం నాడె నుంచి కత్తెర దాకా కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, తుడిచి కట్టేవాడు. నేనూ అట్లాగే చేస్తూ వచ్చాను. కొత్త గన్ను గాలి పోయే రంధ్రంలోంచి నూనె జారుతోంది. కిరసనాయిలు పోసి కడిగాను. షెడ్డుకు పోయి కంప్రెసర్ గాలి కొట్టి, గుడ్డకు మరక అంటకుండా అయ్యేదాకా ఆరబెట్టాను. దుకాణదారు చెప్పిన మాట మరచిపోలేదు. కానీ గాలి పోయే దారిలో నూనె ఎందుకుంటుంది అనుకున్నాను. ఆ ఏప్రిల్లో ఆసుపత్రి బయట నిలబడి, గాలి దారి శుభ్రంగా ఉండాలన్న మాట డాక్టర్ల నోట చాలాసార్లు విన్నాను. నూనె సీసాను దేవుడి అల్మరాలో పెట్టాను, పైపైన రాయడానికి పనికొస్తుందని. గన్ను పిడికి పసుపు దారం కట్టాను. ఇంకేమీ అడగలేదు. ఏప్రిల్లో అడగాల్సినవన్నీ అడిగేశాను.

సోమవారం తొమ్మిదింటికి దేవదాస్ బండి వదిలాడు. గన్ను చూసి, "చెల్లె, ఇది పండ్లు తోముకునే బ్రష్షు లెక్కున్నది గదనే. అసలుది ఎనుక దాసినవా?" అన్నాడు.

"నువ్వు పోయి చాయ్ తాగిరా అన్నా," అంది హారతి.

కంప్రెసర్ వేశాను. ముల్లు పైకి పోతుంటే నేను అటు చూడను. ఏప్రిల్లో ఆక్సిజన్ సిలిండర్ మీద ముల్లు చూస్తూ రెండు రాత్రులు గడిపాను, అది చాలు. హారతి మొదటి చక్రం నట్లు గబగబా విప్పింది. పట్టీలు మార్చింది, బిగించింది. రెండో చక్రం కూడా అయింది. మూడో చక్రం దగ్గర గన్ను చప్పుడు మారింది. టకటకా కొట్టేది కీచుమంటూ తిరిగి ఆగింది. మళ్లీ నొక్కింది. మెల్లగా తిరిగి ఆగింది. గాలి నిండుగానే ఉంది. ఆమె గొట్టం ఊడదీసి చూసింది, మళ్లీ తగిలించింది. ఆగిపోయింది.

గన్నును నేల మీద పెట్టి చక్రానికి వీపు ఆనించి కూర్చుంది. పదీ నలభై అయింది.

"నేనే తప్పుడుది ఏరుకున్న మామా. పెద్దదే తీసుకోవాల్సింది. నా చేతులకు అలకగ ఉన్నదని తీసుకున్న. గంతే."

ఆమె గాలి గొట్టం ఊడదీసి చుట్టడం మొదలుపెట్టింది.

"దేవదాసన్నకు ఫోన్ చెయ్యిండ్రి. బండి తీస్కపొమ్మని చెప్పుండ్రి. షెడ్డు కూడ ఇచ్చేద్దాం."

ఫోను జేబులో ఉంది. తీయడం తేలిక. నూనె మాట చెప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా. గన్ను మంచిది కాదనో, ఆమె చెయ్యి బలం లేనిదనో అనుకుని ఊరుకుంటాం. ఇంతకంటే పెద్ద నష్టాన్నే ఊరుకుని భరిస్తున్నాం.

"నీ చెయ్యి కాదు బిడ్డా," అన్నాను. "నేను లోపల కడిగిన. కిరసనాయిల్ పోసి, ఒక్క చుక్క లేకుండ ఆరబెట్టిన. దారం కట్టాలని."

ఆమె నన్ను చూసింది. "నూనె పొయ్యలేదా?"

"పొయ్యలే."

"లోపల రెక్కలుంటయి మామా. నూనె లేకపోతే ఒరుసుకుంటయి." గన్నును చేతిలోకి తీసుకుని, "ఆయన గన్ను గూడ తుడుస్తున్నరు గదా రోజూ," అంది.

"వాడున్నప్పుడు కూడ తుడిచిన. అది మంచిగనే నడిచింది గదా."

"మీరు సాయంత్రం తుడిస్తే, ఆయన పొద్దుగాల వచ్చి రెండు చుక్కలు పోసెటోడు. రోజూ."

"నాకు చెప్పలేదు వాడు."

"నేను అడిగిన ఎందుకు చెప్పవని. 'మా నాయన జిందగీ అంత నూనె మరకకు భయపడ్డడు, మరక పడితె సేటు ఆ బట్ట తెచ్చి ఆయన మొగం మీద కొట్టేటోడు, ఆయనకు నూనె మంచిదని ఇప్పుడు నేనేం చెప్తనే, నేను పోసుకుంట తియ్యి' అన్నడు."

నాకు ఏడుపు రాలేదు. షెడ్డు నడిచిన ఏడేళ్లూ పొద్దున ఒకరు పోయడం, సాయంత్రం ఒకరు తుడవడం. దేవుడు మాతో చేసేది కూడా ఇట్లాంటిదేనేమో, మేము తుడిచేది ఆయన మళ్లీ పోస్తాడేమో అనిపించింది. అయితే ఏప్రిల్లో ఎందుకు పోయలేదని కూడా అనిపించింది. రెండూ అట్లాగే ఉండిపోయాయి.

"సీస ఇంట్ల ఉన్నది. తెస్త," అన్నాను.

సైకిల్ మీద పోయి వచ్చేసరికి ఆమె చేతి పానా నట్టుకు తగిలించి, దాని మీద కాలుపెట్టి, తన బరువంతా మోపి మూడో చక్రం నట్లు మూడు విప్పింది. నేను గన్ను తిరగేసి, గొట్టం తగిలించే రంధ్రంలో రెండు చుక్కలు వేయబోయి నాలుగు వేశాను. గొట్టం తగిలించి ఆమె నొక్కింది. గన్ను ఒకసారి దగ్గినట్టు చేసింది. పిడి కింది నుంచి నూనె తుంపర వచ్చి నా తెల్ల చొక్కా మీద పడింది. తర్వాత టకటకా కొట్టింది.

పన్నెండింటికి దేవదాస్ వచ్చేటప్పటికి నాలుగో చక్రం ఇంకా విప్పే ఉంది. అతను స్టూలు మీద కూర్చుని గోడ గడియారం చూశాడు. ఆమె తల ఎత్తలేదు. బండి జాకీ మీంచి దిగేసరికి పన్నెండూ ఇరవై. దేవదాస్ బండి ఎక్కి, గల్లీ చివరి దాకా పోయి, బ్రేకు కొట్టి, వెనక్కి తెచ్చాడు.

"ఇరవై నిమిషాలు లేటు," అన్నాడు.

"తప్పు నాది. బిడ్డది కాదు," అన్నాను నేను.

దేవదాస్ నా చొక్కా వైపు చూశాడు. "కాకా, నువ్వు గూడ పనిలకు దిగినవా ఏంది," అన్నాడు. తర్వాత హారతితో, "రేపు రెండోది తెస్త. ఎనిమిదింటికే తెరువు. ఆ బ్రష్షు జర జాగ్రత్తగ పెట్టు," అన్నాడు.

హారతి తల ఊపింది. నీళ్లు తాగి, చేతులు తుడుచుకుని, ఒక పక్కగా కూర్చుంది. అప్పుడు వణికాయి ఆమె చేతులు.

సాయంత్రం షెడ్డు మూసేముందు నా చేయి అలవాటుగా గుడ్డ మీదికి పోయింది. గుడ్డను మేకుకే వదిలేశాను. ఇంటికి పోయి శ్యాం గన్నులో రెండు చుక్కలు పోసి దాని చోట దాన్ని పెట్టాను. తిరుగుతుందో లేదో చూడలేదు. సీసాను దేవుడి అల్మరాలో పెట్టకుండా, పొద్దున మరచిపోకూడదని చొక్కా జేబులోనే ఉంచుకున్నాను.

స్వరాజ్యం చొక్కా విప్పమంది. వెలుతురులో పట్టుకుని చూసి, "ఈ మరక పోదు," అంది.

"ఉండనియ్యి," అన్నాను. "పొద్దుగాల అదే తొడుక్కుంట."