మడుగులో పడ్డ కూత

మా అప్ప రత్నాలు కూత పెడితే ఎదుటి కొండ మీద మేకలు కూడా మేత మాని తల ఎత్తేవి. అప్ప అంటే అక్క, మావైపు అలాగే అంటాం. నాకంటే మూడేళ్ళు పెద్దది. నా పేరు సోములమ్మ. మా ఊరు అరకు సంతకి నడిచి వెళ్ళేంత దూరం. అప్పని ఇచ్చిన ఊరు మా ఎదురు కొండ మీద. మధ్యన గెడ్డ, అంటే కొండవాగు. ఇటు దిగి, గెడ్డ దాటి, అటు ఎక్కాలంటే ఒక పూట పోతుంది. అందుకని పెళ్ళయిన మర్నాటి నుంచీ మా అప్ప పొద్దుగూకేవేళ వాళ్ళ కళ్ళంలో నిలబడి కూత పెట్టేది. ఒక కూతయితే "పనుంది, రా" అని. రెండు కూతలయితే "మేం బాగున్నాం, నీ పని నువ్వు చూసుకో" అని.

నాకు కూత రాదు. నా గొంతు పుట్టినప్పటి నుంచీ గీరగొంతు, మా పెరడు దాటదు. నేను డేకిసా బోర్లించి గరిటెతో రెండు దెబ్బలు కొట్టేదాన్ని. విన్నాను, నేనూ బాగున్నాను అని. సెల్లు టవరు వచ్చినా మేం మానలేదు. సెల్లులో కోడళ్ళ గురించి మాట్లాడుకుంటాం. కూత సంగతి వేరు.

దసరా తర్వాత ఆ కూత ఆగిపోయింది. అప్ప గొంతులో కాయ లేచింది. విశాఖలో డాక్టరు చూసి, కాయ తీసెయ్యాలి, చెడ్డది కాదు గాని గొంతు నరం పక్కనే ఉంది, తీశాక మాట ఎలా ఉంటుందో చెప్పలేం, సన్నబడొచ్చు, బొంగురుపోవచ్చు అన్నాడట. అరవొద్దు అని కూడా చెప్పాడు. మంగళవారం ఆపరేషను.

మాట బొంగురుపోతే పోనీ, దాని తిట్లు ఎలా ఉన్నా నాకు అర్థమవుతాయి. ఆ కూత పోతుందే అని నాకు అన్నం దిగలేదు.

నా బెంగ చూసింది నా మనవరాలు గాయత్రి. పెద్దకొడుకు కూతురు, అరకులో ఆడపిల్లల బడిలో టీచరమ్మ. శనివారం సాయంత్రం వచ్చి నా చేతిలో ఒక చిన్న డబ్బా పెట్టింది. అరచేతిలో ఇమిడిపోయింది.

"ఒలే గుంటా, ఇదేటే, సబ్బుపెట్టెలాగున్నాది?"

"వీడియో కెమెరా మామ్మా. ఎక్కడికైనా వెళ్ళినప్పుడు పిల్లతో ఆడుకుంటూ తీసుకోవచ్చని కొన్నాను. జేబులో పట్టేస్తాది. నీళ్ళలో ములిగినా ఏటీ కాదు. రేపు దీంతో పెద్దమామ్మ కూత పట్టేద్దాం."

"అది కూత పెట్టొద్దూ? డాక్టరు వద్దన్నాడు కదా."

"ఒక్కసారికి ఏటైనా అవుతాదా అని డాక్టర్ని ఫోన్లో అడిగేశాను. ఒక్కసారే అన్నారు."

అప్పకి ఫోను చేశాం. అంతా విని ఒక్కటే మాట అంది. "పెడతాను. గెడ్డ కాడ పెడతాను. మంచం మీద కూకుని కూత పెట్టడానికి నానేటి గుడ్లు పెట్టే కోడినేటి?"

అలా ఆదివారం గెడ్డ దగ్గరికి వనభోజనం కుదిరింది.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

ఆదివారం పొద్దున్నే గాయత్రి తన ఐదేళ్ళ కూతురు రమణికి చూపించాలని ఆ కెమెరాని బకెట్లో పడేసింది. అది బుడుంగున ములిగి, మళ్ళీ పైకి వచ్చి తేలింది. దాని తాడుకి నారింజరంగు బెండుముక్క ఒకటి కట్టి ఉంది. పిల్ల చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం అది నచ్చలేదు.

నలభై ఏళ్ళుగా నేను కాఫీ పళ్ళు కడుగుతున్నాను. తొట్టెలో పళ్ళు పోస్తామా, తేలినవన్నీ తాలు. లోపల పిక్క ఉండదు. వాటిని చేటతో తోడి అవతల పారేస్తాం. అడుక్కి ములిగినవే గట్టివి, వాటికే ధర. తేలిన పండుని మంచి పళ్ళలో కలిపిన కోడల్ని నేను ఊరంతా వినేలా తిట్టినదాన్ని. అలాంటిది మా అప్ప కూతని దాచే వస్తువు తాలులాగ తేలడమేటి? ఆ బెండు కొట్లో కట్టిచ్చిన పనికిమాలిన ముక్కై ఉంటుంది, కొత్త చీరకి కాగితం అంటించినట్టు, అనుకున్నాను.

గాయత్రి అన్నం గిన్నెలు సర్దుతోంది. నేను కొడవలితో ఆ తాడు పుటుక్కున కోసి, బెండుముక్క రొంటిలో దోపుకున్నాను. కెమెరాని బకెట్లో వేసి చూశాను. తిన్నగా అడుక్కి పోయి కూర్చుంది. అప్పుడు నా ప్రాణం కుదుటపడింది.

మా అప్ప కొడుకు మల్లేశు తన జీపులో తల్లిని గెడ్డ వరకూ తెచ్చాడు. అప్ప చిక్కిపోయింది. మెడకి శాలువా చుట్టుకుంది. జీపు దిగుతూనే నన్ను చూసి, "ఏటే, నువ్వు లావైపోనావు, నా తిండి కూడా నువ్వే తింతన్నావేటి?" అంది. మాట అప్పటికే కొంచెం పట్టేసింది.

చిన్నప్పుడు మేం బట్టలు ఉతికిన బండ ఉంది. దాని కింద గుండెల్లోతు మడుగు. మడుగు దాటితే గెడ్డ రాళ్ళ మీంచి జారి లోయలోకి పోతుంది. అప్ప ఆ బండ మీద నిలబడింది. మల్లేశు వెనక పట్టుకున్నాడు. గాయత్రి కళ్ళు అప్ప మీదే పెట్టి కెమెరా ఎత్తింది, తాడు సంగతి చూసుకోలేదు. రమణి నోరు తన రెండు చేతులతో తనే మూసుకుంది.

అప్ప శాలువా తీసి నాకిచ్చింది. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, "ఓ... సోములూ... ఓహో..." అని కూత పెట్టింది.

అరవై ఏళ్ళు వెనక్కి పోయినట్టయింది. నా పేరు మా కొండకి తగిలింది, వాళ్ళ కొండకి తగిలింది, చివర్న అప్ప ఎప్పుడూ గొంతు విరిచే చోటే విరిగి, గెడ్డ వెంబడి దిగిపోయింది. పక్కనే నిలబడి ఉన్నాను కదా, అయినా "వస్తన్నానే" అనేశాను. అందరూ నవ్వారు. అప్పకి దగ్గు వచ్చింది. బండ మీద కూలబడి, గొంతు పట్టుకుని, చేత్తో సైగ చేసింది. అయిపోయింది, ఇంక లేదు.

"వచ్చింది పెద్దమామ్మా, మొత్తం వచ్చింది," అంది గాయత్రి కళ్ళు తుడుచుకుంటూ.

కోడికూర వండుకున్నాం. అడ్డాకుల్లో తిన్నాం. తిన్నాక రమణి చేపలు చూపించమని పేచీ పెట్టింది. "నీళ్ళలో పెట్టి తీస్తే చేపలు కనబడతాయి. మామ్మా, కాస్త పట్టుకో, మీట నొక్కేశాను, ఊరికే నీళ్ళలో ముంచు," అని గాయత్రి కెమెరా నా చేతికిచ్చి కోడికూర గిన్నె తోమడానికి పోయింది.

నేను బండ అంచున కూర్చుని ముంచాను. నీళ్ళు మంచులాగున్నాయి. చేతులకి కోడికూర నూనె. అదే జారిందో, వేళ్ళే కొంకర్లు పోయాయో, కెమెరా నా చేతిలోంచి చేపపిల్లలాగ తప్పించుకుపోయింది.

"ఓలమ్మో!"

"ఏటైంది?"

"పడిపోనాదే గుంటా!"

గాయత్రి నవ్వుతూ వచ్చింది. "ఎందుకు మామ్మా ఆ కేకలు? ఏటీ కాదు. బెండు ఉంది కదా, నీళ్ళలో పడితే పైకి తేలడానికే అది పెట్టారు. చూడు, ఇప్పుడే వచ్చేస్తాది."

అందరూ వచ్చి వంగి చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. రమణి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతోంది. పాపం దానికి ఇరవై వరకే వచ్చు. ఇరవై అయ్యాక మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టింది.

నా రొంటిలో ఆ బెండు నిప్పుకణికలాగ తగిలింది. తీసి చూపించాను.

గాయత్రి నా చేతిలో బెండుని చూసింది, నా ముఖం చూసింది. "ఎందుకు మామ్మా?" అంది. అంతే. గట్టిగా తిట్టినా బాగుండేది.

"తేలితే తాలు కదే," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి బయటికొచ్చాక ఎంత తెలివితక్కువగా ఉందో నాకే తెలిసింది.

మల్లేశు చొక్కా విప్పి దూకాడు. మూడుసార్లు ములిగాడు, పళ్ళు టకటకలాడుతూ పైకి వచ్చాడు. "పిన్నీ, కింద అంతా బురద, ఏటీ కనబడ్డం లేదు. నీటివాలు ఆ రాళ్ళవైపు లాగుతున్నాది. అటు పోయిందంటే మరి దొరకదు."

నేను బండ మీద కూర్చుని నెత్తి కొట్టుకున్నాను. "అప్పా, నీ కూత పోగొట్టీసినాను. నా చేతులు పడిపోను. ఒక్కటంటే ఒక్క కూత, అదీ గెడ్డలో కలిపీసినాను."

అప్ప నా డొక్కలో మోచేత్తో ఒక్కటి పొడిచింది.

"ఏడుపాపి లెగు. అమ్మ చేపలు ఎలగ పట్టేదే?"

అప్పుడు గుర్తొచ్చింది. ఎండలు ముదిరాక మా అమ్మ గేలం వేసేది కాదు, వల వేసేది కాదు. మడుగుకి పైన రాళ్ళూ కొమ్మలూ మట్టీ పేర్చి కట్టు కట్టేది. గెడ్డ పక్క కాలవలోకి మళ్ళిపోయేది. అప్పుడు మడుగులో నీళ్ళు తోడేస్తే చేపలు బురదలో కొట్టుకుంటూ దొరికేవి. అప్పా నేనూ పగలంతా తోడేవాళ్ళం.

"ఇది మార్గశిరమే అప్పా. నీళ్ళు ఎక్కువ."

"గుంటలు ఇద్దరూ తోడీసినారు అప్పుడు. ఇప్పుడు జీపున్నోడు ఉన్నాడు, టీచరమ్మ ఉన్నాది, లావు ముసిల్ది ఉన్నాది. బేగి కానియ్యండి."

మల్లేశు రాళ్ళు దొర్లించాడు. నేను కొమ్మలు విరిచి మట్టి మెత్తాను. గాయత్రి చీర మోకాళ్ళ పైకి దోపుకుంది, ఆ బడిపిల్లలు చూస్తే ఏమనుకుందురో. కూర డేకిసా, అంబలి కుండ, జీపులో బకెట్, ఏది దొరికితే దాంతో తోడాం. రమణి గ్లాసుతో తోడింది, సగం తన మీదే పోసుకుంది. అప్ప బండ మీద కూర్చుని ఒక్కొక్కళ్ళనీ పేరుపేరునా తిడుతోంది.

"మల్లేశా, కట్టు కారతన్నాది, కళ్ళు కనబడ్డం లేదేట్రా? సోములూ, నువ్వు నీళ్ళు తోడతన్నావా, అంబలి కలపతన్నావా?"

"మాటాడకే అప్పా, గొంతు జాగ్రత్త," అన్నాను.

"మంచి గొంతు మడుగులో ఉన్నాది. ఇది తాలు," అంది.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, డేకిసా మాత్రం ఆపలేదు.

పొద్దు వాలేసరికి నీళ్ళు మోకాలి లోతుకి దిగాయి. ఇంక నేను మా అమ్మలాగే చేశాను. చూడ్డం మానేసి, కాళ్ళతో వెతికాను. బురదలో అడుగు పక్కన అడుగు వేసుకుంటూ. ఒక రాయి తగిలింది. ఒక పీత బొటనవేలు పట్టుకుంది, వదిలించుకున్నాను. బండ కింద గూడులాంటి చోట, నున్నగా, నాలుగు మూలలున్నది ఒకటి తగిలింది. వంగి తీశాను.

కెమెరా. పైటతో తుడిచాను. దాని కన్ను బాగానే ఉంది, కాని ఎర్రదీపం ఆరిపోయింది.

"చచ్చిపోనాదేటే?" అన్నాను.

"ఛార్జింగు అయిపోయింటుంది మామ్మా," అంది గాయత్రి, తనకీ నమ్మకం లేనట్టే. జీపు దగ్గరికి పరిగెత్తింది. మల్లేశు తన సెల్లు వైరు దానికి పెట్టాడు, అది పట్టలేదు. గాయత్రి సంచి అంతా కుమ్మరించి దాని వైరు వెతికి తీసింది. జీపు స్టార్టు చేశారు. తడిబట్టలతో అందరం జీపు చుట్టూ నిలబడ్డాం. అప్ప ముందు సీట్లో కూర్చుంది. దాని చెయ్యి నేను పట్టుకున్నాను, నా చెయ్యి అది పట్టుకుంది.

చాలాసేపటికి చిన్న దీపం వెలిగింది. గాయత్రి ఏదో నొక్కింది. ముందు బురదనీళ్ళు వచ్చాయి. చీకటి, ఒక చేప తోక, మల్లేశు పాదం. కుండలోంచి మాట్లాడినట్టు గుడగుడమని మాటలు. అందులో మా అప్ప తిట్లు. ఎంత నీటి కిందైనా తిట్లు తిట్లలాగే వినిపించాయి.

"ఇంకా వెనక్కి పెట్టే," అంది అప్ప.

గాయత్రి వెనక్కి పెట్టింది. వేలెడంత బొమ్మలో మా అప్ప బండ మీద నిలబడింది. శాలువా తీసింది. చేతులు నోటికి పెట్టుకుంది.

"ఓ... సోములూ... ఓహో..."

అంత కూత దోమ పాడినంత వచ్చింది. రమణి అంది, "పెద్దతాతమ్మ చిన్నదైపోయింది." గాయత్రి, "పెద్ద స్పీకర్లో పెడితే పెద్దగానే వస్తాదే," అంది. చివర్న విరిచిన చోట కూడా విరిగింది. నాకదే కావాలి. వీడియోలో నేను "వస్తన్నానే" అనడం కూడా ఉంది. మళ్ళీ అన్నాను, అలవాటు.

మంగళవారం ఆపరేషను అయింది. కాయ పోయింది. పదిహేను రోజులు మాట్లాడకూడదన్నారు. మా అప్పకి అంతకంటే పెద్ద శిక్ష లేదు. నేను మంచం పక్కన కూర్చుని కెమెరా తెరిచి కూత వినిపించబోతే వద్దని చెయ్యి ఊపింది. నీళ్ళు తోడుతున్నట్టు చెయ్యి ఆడించింది. బురదనీళ్ళది కావాలట. కుండలోంచి వచ్చే తన తిట్లు వింటూ, మెడకి కట్టుతో, చప్పుడు లేకుండా పొట్ట అదిరేలా నవ్వింది. నర్సమ్మ వచ్చి కుట్లు జాగ్రత్త అని ఇద్దర్నీ కసిరింది.

ఇప్పుడు అప్ప మాట్లాడుతోంది. మాట సన్నగా, ఊళ్ళు దాటి వచ్చినట్టు ఉంటుంది. కూత మాత్రం రాదు. గాయత్రి ఆ వీడియోని మూడుచోట్ల దాచింది, మా ఇంట్లో టీవీలో కూడా వేసి చూపించింది. బెండుముక్కని నేనే గోనెదారంతో తిరిగి కుట్టాను, ఏడు ముళ్ళు వేసి. సంక్రాంతికి ఎక్కడికో జలపాతానికి పోతారట, పట్టుకుపోతారు.

నిన్న సాయంత్రం నేను మా కళ్ళంలోకి వెళ్ళి, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని గీరగొంతుతో, "ఓ... రత్నాలూ..." అన్నాను. మా కోళ్ళు బెదిరి పక్క పెరట్లోకి పోయాయి. గెడ్డ దాటి ఉండదనుకున్నాను.

కాసేపటికి ఎదురు కొండ మీంచి డేకిసా మోగింది. ఠంగు, ఠంగు. బాగున్నాను అని.

తర్వాత మూడోది ఒకటి గట్టిగా మోగింది. మా లెక్కలో మూడో దెబ్బ లేదు. సెల్లు తీసి అడగొచ్చు గాని, ఇన్నేళ్ళ నుంచీ దాన్ని ఎరుగుదును కదా. తిట్టే అయ్యుంటుంది.