గుర్రుమనడం మానేసిన భోలా

భోలా మూడో మనిషిని కరిచింది. ఈసారి బయటివాళ్ళని కాదు, నాలుగేళ్ళుగా తనకి అన్నం కలిపి పెడుతున్న చిలకమ్మనే. ఆవిడ పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళి సూది వేయించుకొచ్చి, కట్టు కట్టిన చేత్తోనే ఎసట్లో బియ్యం పోస్తోంది, మహాతల్లి.

"ఆదివారం పెద్దోడు డూటీ దిగొత్తాడు," అంది మొగుడి వైపు తిరక్కుండా. "గోనెసంచిలో కట్టి నిమ్‌పురా రైలు యార్డు అవతల ఒగ్గేత్తానన్నాడు. ఒగ్గేయమన్నాను. ఇంక నా వల్ల కాదయ్యా."

నూకరాజు రిటైరై బెంగాల్లో కొడుకు రైల్వే క్వార్టర్లో ఉంటున్న మనిషి, పైగా ఇరుగుపొరుగుకి క్షమాపణలు చెప్పి చెప్పి అలిసిపోయాడు. భోలాని యార్డులో వదిలేస్తే అక్కడి కుక్కలు రెండో రోజుకే పీక్కుతింటాయని తెలుసు. వద్దని చెప్పే ఓపిక మాత్రం లేదు.

"ఏ కుక్కైనా కరిసే ముందు గుర్రుమంటాది. ఇది అదీ నేదు, దొంగముండ!" అంది చిలకమ్మ.

"ముందు అనేది కదే."

"అనేది. నువ్వే కదా మానిపించినావు!"

నిజమే. దుర్గాపూజల రోజుల్లో వానకి తడిసొచ్చిన భోలా తల తువ్వాలుతో తుడవబోతే గుర్రుమంది. పెంచిన చేతిమీదకే గుర్రా? మొక్కై వంగనిది మానై వంగునా అనుకుంటూ వెదురుకర్ర తీశాడు. గుర్రుమన్నప్పుడల్లా ఒకటి తగిలించాడు. పది రోజుల్లో చప్పుడు ఆగిపోయింది. నా కుక్క నోరెత్తదని గోల్‌బజార్ టీ కొట్టులో గొప్పలు కూడా పోయాడు, ఏం చెప్పమంటారు!

నూకరాజు చేసిన ఉద్యోగమేమో రైళ్ళ చక్రాలు పరీక్షించడం. ముప్పై ఆరేళ్ళు ఒక్కో చక్రాన్నీ సుత్తితో కొట్టి చెవి ఒగ్గి విన్నాడు. బాగున్న చక్రం ఖంగుమంటుంది, బీటలు వారింది మొద్దుగా మోగుతుంది. చక్రాన్ని చప్పుడు కోసం కొట్టిన మనిషి, కుక్కని చప్పుడు రాకుండా కొట్టాడు. ఆ సంగతి అతనికి ఇప్పుడు తట్టింది.

నెమ్మదిగా వంగి మంచం కిందకి చూశాడు. ముట్టుకోలేదు. భోలా తల ఎడమవైపుకి వాల్చి పడుకుంది. ఉండుండి తల విదిలిస్తోంది, కాలెత్తి చెవి దాకా తెచ్చి, తగిలించకుండానే దించేస్తోంది. పక్కింటి ఎస్తేరమ్మ తల నిమరబోతే కరిచింది. పాలు పోసే దాదా చెవి గోకబోతే కరిచింది. చిలకమ్మ నిన్న మెడపట్టీ సర్దబోయింది. ముగ్గురి చేతులూ వెళ్ళింది అటే.

మూతికి తువ్వాలు కట్టి, బ్యాటరీ టోటో బండి ఎక్కించి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. బెంగాలీ డాక్టరు లైటు వేసి చూసి మొహం చిట్లించాడు. చెవి లోపలంతా పుండు, నెలల నాటిది. ఎప్పటినుంచి అని అడిగాడు.

"పూజల కాడ్నుంచి," అన్నాడు నూకరాజు, తెలుగులోనే.

పూటకి రెండు చుక్కలు మందు వెయ్యమన్నాడు డాక్టరు. కర్ర పారెయ్యమన్నాడు. కుక్క వద్దంటే చెయ్యి వెనక్కి తీసుకుని, కాసేపాగి మళ్ళీ ప్రయత్నించమన్నాడు. మూడు రోజులూ మూతికి తువ్వాలు కట్టే మందు వేశాడు నూకరాజు. భోలా వణికేది తప్ప చప్పుడు చేసేది కాదు.

ఆదివారం సాయంత్రం పెద్దోడు మోహనకృష్ణ బయట ఆరేసిన గోనెసంచి పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి నూకరాజు మందుసీసాతో నేలమీద కూర్చుని ఉన్నాడు. ఆ పూట తువ్వాలు కట్టలేదు. చెయ్యి చెవి దాకా వెళ్ళింది.

గుర్ర్‌ర్...

"సూసినావా, మళ్ళీ మొదలెట్టింది!" అని మోహనకృష్ణ మూలన ఇంకా పారెయ్యని కర్ర అందుకున్నాడు.

"ఒగ్గేయ్‌రా! కొట్టకు!" నూకరాజు అరిచిన అరుపుకి వంటింట్లోంచి చిలకమ్మ పరిగెత్తుకొచ్చింది. అతను చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. భోలా అతని చేతినీ మొహాన్నీ మార్చి మార్చి చూసింది. కరవలేదు.

చిలకమ్మ కాసేపు చూసి, కొడుకు చేతిలో సంచి లాక్కుంది. "బియ్యానికి ఉంచినాను ఇది," అని లోపలికి పట్టుకుపోయింది.

"అను నాయనా," అన్నాడు నూకరాజు భోలాతో. "నొప్పెడితే అను. ఈసారి ఇంటాను."