మార్లిస్ కోసం మౌస్

మౌస్ అంటే నాకు ఒళ్లు మంట. చెయ్యి కీబోర్డ్ మీద నుంచి తీసి, దాన్ని పట్టుకుని, స్క్రీన్ మీద బాణం గుర్తు ఎక్కడుందో వెతుక్కుని, నొక్కి, మళ్లీ చెయ్యి వెనక్కి తెచ్చుకోవాలి. యంత్రానికి మనం ఊడిగం చేయాలా, మనకు యంత్రం చేయాలా? అందుకే నా కంప్యూటర్‌లో బొమ్మల్లేవు, మెనూల్లేవు. నల్లటి స్క్రీన్, పైన సన్నటి పట్టీలో టైము, అంతే. ఏది తెరవాలన్నా కీలతోనే తెరవాలి. మొదట తెరిచింది స్క్రీనంతా పరుచుకుంటుంది. రెండోది తెరిస్తే రెండూ చెరిసగం పంచుకుంటాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చోవడం ఉండదు. ఏ కీ నొక్కితే ఏం జరగాలో ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో నేనే రాసుకున్నాను, ఏళ్ల తరబడి దిద్దుకున్నాను. దీని ముందు ఇంకొకరు కూర్చుంటే ఏమీ చేయలేరని నాకు గర్వం కూడా ఉండేది. ఇంకొకరెవరూ కూర్చోలేదు కాబట్టి అది నిజమో కాదో తేలలేదు.

తేల్చడానికి మార్లిస్ వచ్చింది. అమెరికా ఉత్తరాన, మంచు కురిసే డులూత్ ఊళ్లో మేముండే పాత ఇంట్లో పై వాటా నాది, కింది వాటా ఆవిడది. ఇద్దరికీ యాభై దాటాయి, ఇద్దరం ఒంటరివాళ్లమే. ఇన్నేళ్లలో మేం మాట్లాడుకున్నదల్లా మెట్ల మీద మంచు గురించే. జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు తట్టింది.

"ఓరిన్, నా లాప్‌టాప్ చచ్చింది. మా కర్లింగ్ క్లబ్ పోటీల పట్టిక ఇవాళే పంపాలి. అరగంట నీ కంప్యూటర్ ఇస్తావా?"

కుర్చీ చూపించాను. కూర్చుని స్క్రీన్ వంక చూసింది.

"ఆన్ చెయ్యవయ్యా."

"ఆన్‌లోనే ఉంది."

"మరి ఇందులో ఏమీ లేదే!"

"ఏం కావాలో మనమే పిలవాలి."

"పేరు పెట్టి పిలవాలా, ఈల వెయ్యాలా?"

ఏ కీలు నొక్కాలో చెప్పాను. పట్టిక మొదలుపెట్టింది. ఇంతలో వేలు తగిలి ఇంకొకటి తెరుచుకుంది.

"అయ్యో, నా పట్టిక సగం ఏమైంది?"

"రెండోది తెరిచావు కదా. దానికీ చోటివ్వాలి."

"నన్ను అడక్కుండానే?" అని పగలబడి నవ్వింది. "నీ కంప్యూటర్ అచ్చం నీలాగే ఉందయ్యా. మనం కదిలిస్తే తప్ప నోరు విప్పదు."

చివరికి కీబోర్డ్ నేనే తీసుకున్నాను. వంటగదిలోంచి స్టూలు తెచ్చి పక్కన వేశాను. ఆవిడ జట్ల పేర్లు చదువుతుంటే నేను టైపు కొట్టాను. ప్రతి పేరుకీ ఒక కథ చెప్పింది. కర్లింగ్ అంటే మంచు మీద బరువైన గుండ్రాయిని జార్చి గురికి చేర్చే ఆట. ఒకడు ఆ రాయి వదిలేటప్పుడు గీత దాటి, దాటలేదని ఒట్టు పెడతాడట. ఒక జంట విడాకులు తీసుకున్నారు గానీ ఒకే జట్టులో ఆడుతున్నారట, ఒకరితో ఒకరు మాట్లాడరట. అరగంట పని చీకటి పడేదాకా సాగింది. "వచ్చే ఆదివారం గెలిచినవాళ్ల పట్టిక వెయ్యాలి, వస్తాను" అని వెళ్లింది. స్టూలు వంటగదిలో పెట్టబుద్ధి కాలేదు.

మనిషి వస్తుందంటే ఇల్లు సర్దుకునేవాళ్లుంటారు. నేను ఫైలు సర్దాను. ఆఫీసు పని అవగానే రోజూ అదే ధ్యాస. ఒక కీ నొక్కితే అంతా మార్లిస్ కోసం మారిపోవాలి. విండోలు విడివిడిగా తేలాలి, మూలన మూసే గుర్తు ఉండాలి, కింద పెద్ద పెద్ద బొమ్మలు ఉండాలి. రాయడం, చూడడం, పనిచేయకపోతే తిట్టుకోవడం, మళ్లీ రాయడం. చివరికి మౌస్ కూడా కొన్నాను. తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని కోటు కింద దాచి తెచ్చుకున్నాను.

ఆదివారం మార్లిస్ వచ్చింది. మౌస్ పట్టుకుంది, బొమ్మ మీద నొక్కింది, పట్టిక వేసింది, పంపేసింది. నేను పెట్టిన కాఫీ ఇంకా చల్లారలేదు.

"అచ్చం అందరి కంప్యూటర్‌లాగే ఉందే! మొన్న నన్ను హడలగొట్టింది కదయ్యా ఇది."

నేను మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. ఆవిడకు పేర్లు చదవాల్సిన పని లేకపోయింది, కథలూ లేకపోయాయి. ఆ వారంలోనే మెట్ల మీద కనబడి, కొత్త లాప్‌టాప్ కొన్నానంది. "నీ దగ్గర నా అంతట నేను చేసుకున్నాకే ధైర్యం వచ్చింది. ఇక నిన్ను విసిగించను."

"మంచిది" అన్నాను. ఏం మంచిది, నా మొహం.

తర్వాతి ఆదివారం ఆ ఫైలు ముందే కూర్చున్నాను. వరుసకి ముందు ఒక చిన్న గుర్తు పెడితే చాలు, కంప్యూటర్ దాన్ని చదవదు. మార్లిస్ కోసం రాసిన వరుసలన్నిటికీ పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను, తీశాను. ఆవిడ కోసం పెట్టిన కీ నొక్కి చూశాను. బొమ్మలొచ్చాయి. స్క్రీన్ మధ్యలో బాణం గుర్తు కదలకుండా నిలబడింది. ఒంటరితనం నాకు కొత్త కాదు. అయితే ఇదివరకు దానికి ఒక్క కుర్చీ సరిపోయేది, ఇప్పుడు పక్కన స్టూలు కూడా ఉంది. ఆ స్టూలు చూస్తూ కూర్చోలేక కిందికి దిగి మార్లిస్ తలుపు తట్టాను.

"నా కంప్యూటర్ చెడిపోయింది. నీది కాసేపు వాడుకోవచ్చా?"

ఒక క్షణం నా మొహం చూసి, లోపలికి రమ్మంది. లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది. నా వేళ్లు అలవాటు ప్రకారం కీల మీదికి పోయాయి. ఏదో మెనూ పైకి లేచింది. మరోటి నొక్కితే ఉన్నదంతా మాయమైంది. ఇంకోటి నొక్కేసరికి లాప్‌టాప్‌లోంచి ఎవరో ఆడమనిషి గొంతు స్క్రీన్ మీద ఉన్నదంతా చదవడం మొదలుపెట్టింది.

"ఒరేయ్ దేవుడా, దాన్ని బాదకు! ఈ మౌస్ పట్టుకో. అది కాదు, ఎడం వైపుది నొక్కు. ఎడం అంటే ఎడం!" అంటూ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. గొంతును ఆపింది. తర్వాత తాపీగా అడిగింది.

"నీది ఎప్పుడు చెడిపోయింది?"

"పొద్దున."

"అబద్ధం. ఇందాక నువ్వు మెట్లు దిగేదాకా పైన టకటకలు వినబడుతూనే ఉన్నాయి."

నా కీబోర్డ్ పాతకాలంది. ఒక్కో కీ తలుపు గొళ్లెంలా చప్పుడు చేస్తుంది. అది నేల దాటి కిందికి పోతుందని నాకెప్పుడూ తట్టలేదు.

"ఇన్నేళ్లుగా వింటున్నాను" అంది మార్లిస్. "సాయంత్రం అది వినబడకపోతే, వీడికేమైందో అని రేడియో తగ్గించి చెవి పెడతాను."

నేనున్నానో లేనో ఎవరికీ పట్టదనుకుంటూ, ఇన్నాళ్లూ ఆవిడ నెత్తి మీదే కూర్చున్నాను.

"ఇంతకీ ఏం తెరవాలి?"

"ఏమీ లేదు. ఊరికే వచ్చాను."

"ఆ ముక్క ముందే ఏడవచ్చుగా" అని మార్లిస్ లాప్‌టాప్ మూసేసింది. ఓవెన్‌లోంచి నిమ్మకాయ కేకు ముక్కల పళ్లెం తీసుకొచ్చి మా ఇద్దరి మధ్య పెట్టింది. "వేడిగా ఉన్నాయి, నోరు కాల్చుకోకు. ఇంతకీ ఆ విడాకుల జంట ఉన్నారే, వాళ్లు నిన్న ఏం చేశారో తెలుసా?"

తెలియదన్నాను.