కెప్టెన్ గారి న్యాయం

బాత్రూం సామాన్లు అమ్మేవాడికి ఒక సుఖం ఉంది. కొట్లో ఎటు తిరిగినా అద్దమే. ఆ ఆదివారం సాయంత్రం కెప్టెన్ తన కొట్టు పై అంతస్తులో, నీళ్లు రాని కుళాయిల మధ్య నిలబడి, ఒక అద్దంలో గంభీరంగా, పక్క అద్దంలో వినయంగా, ఆ పక్కదాంట్లో నవ్వుతూ తన ప్రసంగం తనకే అప్పజెప్పుకుంటున్నాడు.

ఏటా క్రికెట్ సీజన్ అయిపోగానే జట్టంతా ఆ షోరూములోనే కలుస్తుంది. ముందు కెప్టెన్ మాట్లాడతాడు. ఎవరెలా ఆడారో, ఎక్కడ గెలిచామో, ఎందుకు ఓడామో చెబుతాడు. తర్వాత టీ, కేకు. చివర్లో వచ్చే ఏటికి కెప్టెన్ ఎవరో చేతులెత్తి తేలుస్తారు. ఆ తేల్చడానికి ఇన్నేళ్లూ టీలో పంచదార కలుపుకున్నంత సేపు కూడా పట్టలేదు. జట్టు పెట్టింది అతను. కిట్టు అతనిది. ఇంకెవరి పేరు వస్తుంది?

ఈ ఏడు వచ్చింది. అదీ పరాయివాడిది కాదు, సొంత బావమరిదిది.

"కుర్చీలు చాలవండీ," అంది భార్య, పళ్లేల దొంతర తీసుకుని మెట్లెక్కి వచ్చి.

"కమోడ్లున్నాయిగా, మూతలు దించి కూర్చోమను."

"పళ్ల డాక్టరు గారిని కూడానా?"

"ఆయన రోజంతా జనాన్ని కుర్చీలో పడుకోబెడతాడు. ఒక్క పూట దీని మీద కూర్చుంటే పోయేదేం లేదు."

ఆమె నవ్వలేదు. పళ్లేలు వాష్ బేసిన్ గట్టు మీద పెట్టి కిందికి వెళ్లిపోయింది. మెట్ల మీద తమ్ముడు ఎదురైనట్టున్నాడు, ఇద్దరూ ఏదో గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. ఈ వారం రోజులుగా అక్కాతమ్ముళ్లు ఇలాగే గుసగుసలాడుతున్నారు. కెప్టెన్ అద్దంలో కాలరు సరిచేసుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఈ సీజన్ గురించి మాట్లాడటానికి ఏమీ లేదు. గెలిచింది ఒక్కటే మ్యాచ్. అదీ అవతలి జట్టు వ్యాను దారిలో చెడిపోయి వాళ్లు రాలేకపోబట్టి. మిగతావన్నీ ఓడారు. కెప్టెన్ బ్యాటు పట్టుకుని వెళ్లడం, గ్లౌజు బిగించుకోవడం, ఫీల్డింగ్ ఎలా పెట్టారో నాలుగు దిక్కులూ పరికించి చూడటం, ఔటై తిరిగి రావడం. చూడటానికి పట్టిన టైము ఆడటానికి పట్టేది కాదు. పరుగులన్నీ బావమరిదే చేశాడు. తొమ్మిదేళ్లుగా ఆ కొట్లోనే పని, వెనక వాటాలోనే కాపురం, ఆదివారం మాత్రం మైదానంలో వాడే రాజు. ఫీల్డింగులో కుర్రాళ్లు ఎక్కడ నిలబడాలో తెలియక కెప్టెన్ వైపు కాదు, వాడి వైపు చూడటం మొదలుపెట్టారు. కెప్టెన్ అది చూశాడు. చూడనట్టు నేల మీద గడ్డి పీకుతూ నిలబడ్డాడు.

పోయిన ఆదివారం ఆఖరి మ్యాచ్. బ్యాంకు ఉద్యోగుల జట్టుతో. రెండు ఇన్నింగ్సుల మధ్య టీ తాగుతుండగా పళ్ల డాక్టరు వచ్చి పక్కన కూర్చున్నాడు. జట్టులో పెద్ద ఆయనే.

"ఇవాళ మీవాడు గెలిపిస్తే వచ్చే ఏడు వాడికే ఇచ్చేద్దామంటున్నారు కుర్రాళ్లు. మీ చేతుల మీదుగా ఇస్తే మీకూ గౌరవంగా ఉంటుంది."

"అంతకన్నా కావలసిందేముంది డాక్టరు గారూ," అన్నాడు కెప్టెన్. టీ చల్లారిపోయినా చప్పరిస్తూనే ఉన్నాడు.

ఈ చిన్న చిన్న లీగుల్లో అంపైర్లంటూ విడిగా ఎవరూ ఉండరు. బ్యాటింగ్ చేసే జట్టులో ముందే ఔటైనవాళ్లు తెల్లకోటు తగిలించుకుని నిలబడాలి. కెప్టెన్ ఆ రోజు రెండో బంతికే, సున్నాకి ఔటయ్యాడు. కాబట్టి కోటు అతనికే వచ్చింది. ఆ కోటు లోంచి బావమరిది ఆట మొత్తం చూశాడు. ఎంత బాగా ఆడుతున్నాడంటే, ఫోరుకి చెయ్యి ఊపీ ఊపీ కెప్టెన్‌కి విసుగొచ్చింది.

గెలవడానికి ఇంకో పది పరుగులు కావాలి. బంతి లోపలికి తిరిగింది. బావమరిది బ్యాటు అంచుకి టిక్కున తగిలింది, ఆ తర్వాతే కాలికి తగిలింది. బ్యాటుకి ముందు తగిలితే ఎల్బీడబ్ల్యూ ఔట్ ఉండదు. ఇది పిల్లలకీ తెలుసు. బౌలరు అలవాటు కొద్దీ, సగం నోటితో అడిగాడు.

కెప్టెన్ వేలెత్తాడు.

చెయ్యి దానంతటదే లేచిందని తర్వాత వారమంతా తనకి తాను చెప్పుకున్నాడు గానీ, అది అబద్ధం. లేచేముందు చెయ్యి కాస్త ఆగింది. ఆగినప్పుడు అతనికి టిక్కుమన్న చప్పుడు గుర్తుంది, డాక్టరు మాటా గుర్తుంది. రెండోది గెలిచింది.

బావమరిది ముందు బ్యాటు అంచు చూసుకున్నాడు. తర్వాత బావని చూశాడు. బ్యాటు చంకలో పెట్టుకుని నడిచి వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు పేకమేడలా కూలిపోయారు.

మ్యాచ్ అయ్యాక బ్యాంకు కెప్టెన్ పరిగెత్తుకొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "గెలిచే మ్యాచ్‌లో సొంత బావమరిదికి వేలెత్తినవాణ్ణి నేను ఇంతవరకు చూళ్లేదండీ. మీలాంటివాళ్లు ఉండబట్టే ఆట బతికుంది." ఆ మాటతో, అప్పటిదాకా గొణుక్కుంటున్న జట్టు చల్లబడింది. సాయంత్రానికి ఆ గొణుగుడే గొప్పగా మారింది. మర్నాడు కొట్టుకొచ్చినవాళ్లు కుళాయిల ధర అడగడానికి ముందు ఆ వేలు సంగతే అడిగారు. చెప్పగా చెప్పగా కెప్టెన్‌కి కూడా బంతి కాలికే తగిలిందేమో అనిపించింది.

ఒక్క బావమరిది మాత్రమే ఏమీ అనలేదు. అరిస్తే బాగుండేది. ఓ రెండు రోజులు అలిగినా బాగుండేది, బుజ్జగించి పెద్దరికం నిలబెట్టుకునేవాడు. వాడు పొద్దున్నే వచ్చి షట్టరెత్తుతున్నాడు, తుడుస్తున్నాడు, "బావా, టీ తెప్పించనా" అంటున్నాడు. ఆ నిమ్మళం కెప్టెన్‌కి ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టుంది. గోడౌన్‌లో టైల్స్ పెట్టెలన్నీ ఈ గోడ దగ్గర్నించి ఆ గోడ దగ్గరికి మార్పించాడు. మర్నాడు మళ్లీ ఈ గోడకే మార్పించాడు. వినేవాళ్లుంటే, "మావాణ్ణి దాటి వెళ్లేటప్పుడు జాగ్రత్తండీ, కాలు అడ్డం పెడతాడు," అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. వాడూ నవ్వి, పార్సిల్‌కి తాడు బిగించేవాడు.

"వాడి నడుము ఏం పాపం చేసిందండీ?" అని అడిగింది భార్య, మూడో రోజు అన్నం వడ్డిస్తూ.

"నిలకడ రావాలి వాడికి. అది లేకే ఆ రోజు ఔటయ్యాడు."

ఆమె గరిటె గిన్నెలో పెట్టింది.

"నీతో ఏమైనా అన్నాడా?"

"ఏమని అనాలి?" అంది ఆమె.

అతను తల వంచుకుని తిన్నాడు.

ఇప్పుడు జట్టు వచ్చింది. కుర్చీలు దొరికినవాళ్లు కుర్చీల్లో, దొరకనివాళ్లు కమోడ్ల మీద సర్దుకున్నారు. ఫాస్ట్ బౌలింగ్ చేసే ఎలక్ట్రీషియన్‌ని అందరూ కరెంటు అంటారు. వాడు అన్నిటికన్నా ఖరీదైన కమోడ్ ఎంచుకుని కాలు మీద కాలేసుకున్నాడు. భార్య, బావమరిది భార్య మెట్ల దగ్గర నిలబడ్డారు.

కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు.

"మన డాక్టరు గారు ఈ సీజన్లో క్రీజులో నిలబడ్డ టైమంతా కలిపితే, ఒక్క పన్నుకి మత్తిచ్చేంత కూడా లేదు." నవ్వులు. "కరెంటు సంగతి మీకు తెలుసు. ఉంటే వెలుగే. పోతే ఓవరంతా వైడ్లే." ఇంకా నవ్వులు. కరెంటు లేచి దండం పెట్టాడు. అలా ఒక్కొక్కరినీ గిల్లుకుంటూ వచ్చి, చివరికి బావమరిది దగ్గర ఆగాడు. అద్దాలు ప్రతి వైపు నుంచీ అతన్నే చూపిస్తున్నాయి.

"ఇక మావాడు. చదువు రాలేదని మా మామగారు నా దగ్గరికి పంపారు. లెక్కలూ రావన్నారు. సరే, లెక్కలు నేనే చూసుకుంటానన్నాను. మాటలూ రావన్నారు. సరే, కస్టమర్లు మాట్లాడతారులే అని కౌంటర్లో పెట్టాను. ఆట ఒక్కటైనా వచ్చు గదా అని ఇన్నాళ్లూ వెనకేసుకొచ్చాను. అవసరమైన రోజున చూస్తే, కాలు ఎక్కడ పెట్టాలో కూడా రాదు."

ఒకరిద్దరు నవ్వారు. మిగతావాళ్లు కప్పుల్లోకి చూసుకున్నారు. బావమరిది భార్య మొహం పక్కకి తిప్పుకుంది.

"వేలెత్తేటప్పుడు నా గుండె ఎంత బరువెక్కిందో నాకే తెలుసు," అన్నాడు కెప్టెన్, గొంతు తగ్గించి. ఇది అద్దం ముందు అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పుకున్న మాట. "కానీ న్యాయానికి చుట్టరికాలు ఉండవు."

చప్పట్లు మోగాయి. డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంక కెప్టెన్ ఎవరని అడగడం ఎందుకు? ఆ వేలు చూశాక ఇంకో పేరు చెప్పడానికి నాకు నోరు రాదు."

కెప్టెన్ వద్దు వద్దంటూ చేతులూపాడు. కావలసినంత మెల్లిగా ఊపాడు.

"నేనొక మాట చెప్పొచ్చా బావా?" అన్నాడు బావమరిది.

"చెప్పరా. మాటలు వస్తే."

వాడు లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టవల్ రాడ్ పట్టుకున్నాడు.

"బావ చెప్పింది నిజమే, నాకు మాటలు రావు. తప్పయితే సర్దుకోండి. మన లీగులో గొడవలన్నీ అంపైరింగ్ దగ్గరే వస్తాయి. ప్రతివాడూ సొంతవాళ్లకి సాయం చేసుకుంటాడు. నేనూ చేశాను. ఇక్కడ చెయ్యనివాళ్లెవరైనా ఉన్నారా?"

"నాకు వేలు లేస్తే ఒట్టు," అన్నాడు కరెంటు.

"చెయ్యని మనిషి బావ ఒక్కడే. అలాంటి మనిషిని ఎండలో ఫీల్డింగ్‌లో పరిగెత్తించి, సున్నాలకి ఔట్ చేయించి, మనం వాడుకుంటున్నాం. నాకు సిగ్గేసింది. అందుకే బ్యాంకు కెప్టెన్ గారిని కలిశాను. ఆయన లీగువాళ్లతో మాట్లాడారు. వాళ్లు ఎగిరి గంతేశారట. వచ్చే సీజన్ నుంచి లీగుకి బావే అంపైరు. ఏ జట్టు మ్యాచ్ అయినా సరే, మొదటి బంతి నుంచి ఆఖరి బంతి దాకా." ఆగి, బాధపడుతున్నట్టు తల ఊపాడు. "అంపైరు ఏ జట్టుకీ ఆడకూడదు కదా. అదొక్కటే మనకి నష్టం. కానీ బావే అన్నాడుగా, న్యాయానికి చుట్టరికాలు ఉండవని."

జట్టంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇందాకటికన్నా పెద్ద చప్పట్లు. అందులో సగం గౌరవం, సగం హమ్మయ్య. ఇన్నేళ్లూ ఆయన్ని ఎలా దించాలో తెలియనివాళ్లకి, ఎత్తి దించొచ్చని ఇప్పుడు తెలిసింది.

"ఆగండి, ఆగండి. నేనింకా ఆడగలను," అన్నాడు కెప్టెన్.

"ఆడగలరండీ, ఎందుకాడలేరు," అన్నాడు డాక్టరు. "ఆటదేముంది, ఎవడైనా ఆడతాడు. న్యాయం ఎవడు చెప్తాడు?"

"ఇంట్లో ఒక మాట అనుకుని..."

"ఇంట్లో అనుకున్నామండీ," అంది భార్య, మెట్ల దగ్గర్నించి.

అతను ఆమె వైపు తిరిగాడు. ఆమె చేతిలో తెల్లకోటు ఉంది. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసిన కోటు. మడత విప్పుకుంటూ కమోడ్ల మధ్య నుంచి నడిచి వచ్చింది. దారిలో ఇద్దరు లేచి పక్కకి జరిగారు.

"మరి మనకి కెప్టెన్?" అని ఎవరో అడిగారు. చేతులు లేచాయి. ఎవరి పేరూ అనక్కర్లేకపోయింది. బావమరిది మొహమాటపడ్డాడు. నిజంగానే పడ్డాడు.

"ముందు బావకి కోటు వెయ్యనివ్వండి," అన్నాడు.

కెప్టెన్ చేతులు చాచాడు. చాచక చేసేదేముంది? వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. భార్య వెనక నుంచి కోటు తొడిగింది. బావమరిది ముందుకొచ్చి, కింద నుంచి ఒక్కొక్క బొత్తామే పెట్టసాగాడు. కొట్లో పార్సిల్ కట్టేటప్పుడు ఉండే శ్రద్ధ వాడి వేళ్లలో ఉంది. రెండు మొహాలూ దగ్గరగా వచ్చాయి.

"ఒరేయ్," అన్నాడు కెప్టెన్, పెదవి కదలకుండా. "అది బ్యాటుకి తగిలింది. నాకు తెలుసు. అయిపోయింది కదరా. వదిలెయ్."

"నాకూ తెలుసు బావా," అన్నాడు వాడు, అంతే మెల్లిగా. "చెప్పెయ్ మరి. అందరూ ఇక్కడే ఉన్నారు."

కెప్టెన్ తలెత్తాడు. డాక్టరు అతన్ని చూసి ఆప్యాయంగా నవ్వాడు. కరెంటు ఫోన్ ఎత్తి ఫొటోకి సిద్ధంగా ఉన్నాడు. వెనక భార్య చేతులు భుజాల దగ్గర కోటు ముడతలు సరిచేస్తూ ఆగాయి. ఆమె కూడా వినడానికి ఆగిందని అతనికి తెలిసింది. మొగుడి నోటి నుంచి ఆ ఒక్క మాట రావాలని వారం నుంచీ ఎదురుచూస్తోందనీ, వస్తే ఈ కోటు ఇప్పుడే విప్పేస్తుందనీ కూడా తెలిసింది.

"చెప్తావా?" అన్నాడు బావమరిది.

కెప్టెన్ మెడ బొత్తాం పెట్టడానికి వీలుగా గడ్డం కాస్త పైకెత్తాడు.

బావమరిది ఆఖరి బొత్తాం, మెడ దగ్గరిది, పెట్టేశాడు. ఫొటో తీశారు. వెంటనే కుర్రాళ్లు కొత్త కెప్టెన్ చుట్టూ మూగి ఎవరు ముందు బ్యాటింగ్‌కి దిగాలి, వికెట్ల వెనక ఎవరుండాలి అని వాదించుకోవడం మొదలుపెట్టారు. కెప్టెన్ ఒక మాట చెప్పబోయాడు. "మీరు ఇందులో తలదూర్చకూడదండీ, అంపైరు కదా," అని డాక్టరు మర్యాదగా భుజం తట్టి పక్కకి జరిపాడు.

కూర్చోవడానికి కుర్చీ ఖాళీ లేదు. భార్య ఒక కమోడ్ మూత తుడిచి చూపించింది. పళ్లెంలో కేకు ముక్క పెట్టి చేతికిచ్చింది.

"కోటు మీద పడకుండా తినండి," అంది.