తువ్వాలల మీటింగు

మా ఆయన సైదులు మంచి నేతగాడే. బుద్ధి మాత్రం మగ్గం గుంట దాటి రాదు.

యుద్ధం అయిపోయినా నూలు ఇంకా రేషనులోనే ఉండేది. మా సాలెవాడకు నూలు వచ్చేది సంఘం ద్వారానే. ఆ సంఘానికి ఏడాదికోసారి సాలానా జల్సా, అంటే మెంబర్లంతా కూడే మీటింగు. ఆ ఏడు అది సూర్యాపేట అంగడి రోజునే పడింది. పడలేదు, సంఘం పెద్ద రామనర్సయ్య పడేశాడు.

"అంగడి మల్లొస్తది. ఇయ్యాల జల్సాకే పో," అన్నాను.

"తువ్వాల పంపిన గద. సాలదా?" అన్నాడు సైదులు.

మా కులపంచాయితీలో ఆచారమది. రాలేనివాడు తన తువ్వాల పంపుతాడు. పెద్దలు ఏది తేల్చినా తనకు సమ్మతమేనని అర్థం. పెళ్లి తగాదాలకు అది చెల్లుతుంది. నూలుకూ చెల్లుతుందనుకున్నారు మా మొగవాళ్లు. ఒంటి మగ్గం ఇళ్లవాళ్లంతా రామనర్సయ్యకు తువ్వాలలు అప్పజెప్పి, బట్టల మూటలతో సూర్యాపేట బండెక్కారు. దొంగ చేతికే తాళాలు!

నాకు మనసొప్పలేదు. నూలు కండెలు చుట్టడం ఆపి సంఘం ఇంటికి పోయి గడప దగ్గర నిలబడ్డాను. లోపల చాప మీద మనుషులు నలుగురైదుగురు. మిగతావన్నీ వరసగా పరిచిన తువ్వాలలు. మిర్యాలగూడ నుంచి వచ్చిన సంఘాల ఇన్‌స్పెక్టరు ముక్కున వేలేసుకున్నాడు.

"సగం మంది లేకుంటే జల్సా చెల్లదు గదయ్యా?"

"మా కులంల తువ్వాల ఉంటె మనిషి ఉన్నట్టే సారూ," అన్నాడు రామనర్సయ్య. పెరట్లోంచి కోడికూర వాసన వస్తోంది. ఇన్‌స్పెక్టరు తువ్వాలలనే మనుషులుగా రాసుకున్నాడు.

తీర్మానం చదివారు. ఇకమీదట రెండు మగ్గాలున్నవాళ్లే మెంబర్లు. నూలు వాళ్లకే. ఒంటి మగ్గంవాళ్లు వాళ్ల దగ్గర కూలికి నేసుకోవచ్చు.

"ఒప్పుకోనోళ్లు చెయ్యెత్తుండ్రి."

తువ్వాలకు చెయ్యెక్కడిది?

"నేనొప్పుకోను! మా మగ్గం పండవెడితె పిల్లలకేం పెట్టాలె?" అని అరిచాను.

"నువ్వు మెంబరువా, పెంటమ్మా?" అన్నాడు రామనర్సయ్య. ఎర్రంచు తువ్వాల ఒకటి చూపించాడు. "మీ ఆయన గీన్నే ఉన్నడు, సూడు. సప్పుడు సేస్తలేడు గద."

ఆ ఎర్రంచుకు కండెలు చుట్టింది నేనే. ఒళ్లు మండిపోయింది. ప్రాణమున్న మనిషిని నేను చెల్లలేదు, గుడ్డ చెల్లింది.

సాయంత్రం సైదులు విని ముందు నవ్వాడు. "మన రామనర్సయ్యనే గద, మాట్లాడ్త," అన్నాడు. మాట్లాడాడు కూడా. ఇంట్లో నూలు అయిపోయిన రోజు ఇక నవ్వలేదు. రామనర్సయ్య కొట్టంలో కూలికి కూర్చున్నాడు. అక్కడ అతని చేత నేయించిందీ తువ్వాలలే.

మరుసటేడు జల్సాకు తలంటుకున్నాడు. ఉతికిన ధోవతి కట్టి, ఎర్రంచు తువ్వాల భుజాన వేసుకుని అందరికంటే ముందు పోయాడు. నేను వద్దన్నా విన్లేదు. నేనూ వెంట పోయాను. గడప దగ్గరే రామనర్సయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు మెంబరువా, సైదులూ?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను కొంచెం జరిగి, గడప బయట నా పక్కన చోటిచ్చాను.